సూది పడని పశువు

మా మండలంల నన్ను సూదుల సారంటరు.
సారును గాను, గోపాలమిత్రను.
ఒక పాత మోటరు సైకిలు, ఐసు డబ్బా, తోలుసంచి.
బెజ్జూరు తొవ్వల దుమ్ము
పాతికేండ్ల సంది ఆ సంచి అడుగున్నే ఉన్నది.

కుంటుకుంట వచ్చిన ఎద్దుకు
మెడకాడ ఒక్క సూది.
తెల్లారి అది అరక కట్టించుకునేది.
రైతు దండం పెట్టి
సోలెడు కందులు బండికి కట్టేటోడు.
నొప్పి తీసేటోణ్ని నేను.
నొప్పి తీసుడు తప్పని
ఎవలు మాత్రం అనుకుంటరు?

కొన్ని లేచినై.
కొన్ని లేవలే.
లేవనియి ఊరవతలికి పోయినై, కాళ్లకు తాడు కట్టుకొని.
అక్కడికి ఎవలూ పిలవకుండనే
దిగేటియి, బోడి మెడల రాబందులు.
దుర్గం బానయ్య తోలు ఒలిచి
కత్తి తుడుచుకునేదాక ఆగేటియి,
బంతిల కూసున్న సుట్టాల లెక్క.
పొద్దు గూకేసరికి బొక్కలు మిగిలేటియి, కడిగినట్టు.
వాసన లేదు, ఈగ లేదు,
పంచాయతికి పైస ఖర్సు లేదు.

మొదలు బానయ్యనే అన్నడు:
"సారూ, పక్షులు తక్కువైనై."
నేను నవ్విన.
"నీకు సూపు తక్కువైంది" అన్న.

తర్వాత కుక్కలొచ్చినై.
మూడు, ఏడు, లెక్క తప్పినంక గుంపు.
చచ్చినదాన్ని తిన్న నోటితోనే
బడికి పోయే పోరని పిక్క పట్టినై.
నేను పశువులకు సూదులిస్తుంటే
ఊరు తన పిల్లలను
కాగజ్‌నగర్‌కు సూదులకు తోలుకపోయింది.

ఒకనాడు ఆసిఫాబాదుల మీటింగు పెట్టి
చాయ తాగుకుంట ఒక కాగితం సదివిండ్రు.
నా సీసల ఉన్న మందే
ఎద్దు కండల దాసుకొని
రాబందు కడుపుల పడి
మూత్రపిండాలు ఎండగొడుతదట.
అది మెడ ఏలాడేసుకొని
కొమ్మ మీదనే కూసొని కూసొని
రాలిపోతదట.
చాయ సల్లారింది.

ఇంటికొచ్చి పాత రిజిస్టర్లు దించిన.
తారీఖు ఉన్నది, రైతు పేరున్నది,
మందు పేరు నా అక్షరాలతోనే ఉన్నది.
దాని తర్వాత ఎవలు తిన్నరో
రాసే గడి లేదు.

సిడాం జైతు నన్ను గుట్టకు తీస్కపోయిండు.
కింద పెద్దవాగు, మీద నిలువు రాయి,
రాయి మీద సున్నం ఒలికినట్టు తెల్లటి చారలు.
"అగో, అదే ఇల్లు" అన్నడు.
చానసేపు నాకు రాయే కనబడ్డది.
తర్వాత రాయి మెడ తిప్పింది.

జైతుకు సదువు రాదు.
గూటికొక గులకరాయి, జేబుల ఏసుకుంటడు.
ఒక్కోయేడు జేబు బరువుంటది,
ఒక్కోయేడు చెయ్యి పెడితే చెయ్యే తగులుతది.
"ఏడాదికి ఒక్కటే గుడ్డు సారూ" అన్నడు.
"అప్పు పెద్దది. కిస్తు చిన్నది."
నన్ను చూసి అనలే, వాగును చూసి అన్నడు.
అందుకే ఇంకా గుచ్చుకుంటది.

మొన్న పోశెట్టి ఎద్దు పడ్డది.
"పాత మందే కొట్టు సారూ,
మెడికల్ షాపుల మనుషులది దొరుకుతది,
దున్నకాలు మీదున్నది" అన్నడు.
అన్నది తప్పు గాదు, వాన ఆగదు.
నేను వేరే మందిచ్చిన.
ఎద్దు లేవనీకి రెండు దినాలు పట్టింది.
ఆ రెండు దినాలు ఎద్దు నన్ను చూసింది.
పోశెట్టి చూడలే.
కందులూ లేవు, దండమూ లేదు.

నిన్న ఒక ముసలావు సచ్చిపోయింది.
గుట్ట కింద ఏసేముందు
నా సంతకం కావాలె.
రిజిస్టరు మూడు మాట్ల తిరగేసిన,
నా అక్షరాలనే నమ్మక.
తర్వాత రాసిన:
ఈ ఆవుకు ఏ సూదీ పడలేదు.

చెట్టుచాటున కూసున్నం.
మధ్యాహ్నం దాటినంక ఒక నీడ
నా మోకాళ్ల మీదికెల్లి పోయింది.
పక్షి దిగింది.
కాగితం అడగలే.

జైతు
ఒక గులకరాయిని ఎడమ జేబులకెల్లి తీసి
కుడి జేబుల ఏసుకున్నడు.